జీలకర్ర పొట్లం మీద మా కాలేజీ పేపరు

మా కాలేజీ పేపరు రెండు చోట్ల వచ్చేది. ఒకటి కాగితం మీద, ఇంకొకటి ఫోన్లో. రెండింటిలో ఏది మేలో చూసి రాసుకురండని మా తెలుగు సారు ఒకసారి నాకూ, నా క్లాస్‌మేట్‌కూ పని పెట్టారు. ఆ క్లాస్‌మేట్ వాళ్ళ అబ్బాజాన్‌ది బజారులో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం. చిన్న చిన్న స్క్రూడ్రైవర్ల మధ్య పెరిగినవాడు, వాడు ఫోను పక్షం. నేను కాగితం పక్షం. ఎందుకని ఎవరైనా అడిగితే అచ్చు వాసన అనీ, చేతిలో పట్టుకునే సుఖం అనీ పెద్ద మాటలు చెప్పేదాన్ని. అసలు సంగతి అది కాదు. నేను రాసింది మా నాయన చదవాలి. చదివి ఒక్క మాట అనాలి. బాగుందనకపోయినా ఫరవాలేదు, బాగాలేదన్నా చాలు. ఫోన్లో అయితే ఆయన ఎటూ చదవడు. కాగితమైతే ఎప్పుడో ఒకప్పుడు కంటబడకపోదని నా ఆశ.

మాది మార్కాపురంలో కిరాణా దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక కర్టెన్. నాయన దుకాణానికి వచ్చినవాళ్ళతో ఎంతసేపైనా మాట్లాడతాడు. ఎండల గురించి, ఎండిన బోర్ల గురించి, ఎవరి ఎద్దుకు ఏం జబ్బు చేసిందో దాని గురించి కూడా. కర్టెన్ దాటి లోపలికి వచ్చాడంటే మాత్రం మాటలు బయటే వదిలేసి వస్తాడు. "అన్నం పెట్టు", "ఆ లైటు తీసెయ్", అంతే.

ఇంకో సంగతి ఉంది. తూకం దగ్గరికి ఆయన ఎవరినీ రానివ్వడు. కరెంటు కాటా వచ్చి అంకెలు దానంతట అదే చూపిస్తున్నా సరే, గిన్నెలో సరుకు పోసే చెయ్యి తనదే అయి ఉండాలి. అమ్మ పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ పప్పులు చెరుగుతుంది, డబ్బాలు నింపుతుంది, కాటాను మాత్రం ముట్టుకోదు. నాయన స్నానానికి వెళ్ళినప్పుడు ఎవరైనా వస్తే స్టూలు వేసి, "కూర్చోండి, వస్తాడు" అంటుంది. నేను చిన్నప్పుడు ఒకసారి శనగపప్పు తూచబోయాను. నాయన నా చెయ్యి పట్టుకుని పక్కకు తెచ్చి కూర్చోబెట్టాడు. "తూకం నా పని. నువ్వు పోయి చదువుకో" అన్నాడు. చదువుకున్నాను. అందులోంచే ఈ రాసే పిచ్చి పట్టుకుంది.

కాలేజీ పేపరు నాలుగు పేజీలు. నెలకొకసారి వస్తుందని పేరే గాని, వచ్చేది ప్రెస్సాయన దయ మీద. పెళ్ళిళ్ళ రోజుల్లో శుభలేఖలన్నీ అయ్యాకే మా వంతు. ఫోటో వేస్తే అందులో ఉన్నవాళ్ళంతా బొగ్గుల కొట్టులోంచి లేచి వచ్చినట్టు ఉండేవాళ్ళు. ప్రిన్సిపాల్ గారి ముఖం ఒకసారి అలా పడితే ఆయనకు ఎదురుపడకుండా కొన్నాళ్ళు వెనక గేటు నుంచి తిరిగాం. ఫోన్లో పేపరుకు ఈ బాధలు లేవు. రంగులు రంగుల్లాగే కనిపించేవి. తప్పు దొర్లితే అక్కడికక్కడే దిద్దుకోవచ్చు. గిద్దలూరులో ఉన్నవాళ్ళకూ దర్శిలో ఉన్నవాళ్ళకూ ఒకేసారి చేరేది. అన్నిటికీ మించి ఎంతమంది తెరిచారో, ఎంతసేపు ఉన్నారో లెక్క కనపడేది. ఆ లెక్క చూసుకుని నా క్లాస్‌మేట్ మురిసిపోయేవాడు.

"కాయితం ఎవరు చదివినారో నువ్వు చెప్పగలవా?" అని అడిగేవాడు నన్ను.

చెప్పలేను. మా ఇంట్లో ఉన్న ఒక్క మనిషి చదివాడో లేదో కూడా నాకు తెలియదు.

నా పేరు అచ్చయిన మొదటి పేపరు తెచ్చి గల్లాపెట్టె మీద, ఆయన చూపు పడే చోట పెట్టి, సాయంత్రం దాకా కర్టెన్ సందులోంచి కాపలా కాశాను. నాయన దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. ఒక మూల బొటనవేలితో రుద్ది చూశాడు.

"కాయితం మందంగా ఉందే" అన్నాడు.

పక్కన పెట్టి బెల్లం కొట్టడానికి లేచాడు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ నా మొహం చూసి, "ఆయనకు తెలిసింది ఆయన చెప్పినాడు. నువ్వు దానికి మొహం మాడ్చుకుంటే ఎట్ల?" అంది. అమ్మ ఎప్పుడూ ఇద్దరి పక్షమూ ఒకేసారి మాట్లాడుతుంది, దాంతో ఎవరికీ ఉపయోగం ఉండదు.

మేమిద్దరం పోల్చి చూడటానికి సారు ఒక సంచిక ఎంచారు. అందులో నేను రాసింది మా క్లాసు అమ్మాయి గురించి. తర్లుపాడు అవతల ఒక పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. సెమిస్టర్ పరీక్ష రోజున ఆ బస్సు రాలేదు. ఆటో లేదు, బండి లేదు. పుస్తకం గుండెకు అదుముకుని రోడ్డు పక్కన నిలబడింది, తర్వాత నడవడం మొదలుపెట్టింది. వ్యాసంలో మొదటి సగం ఇదే. రెండో సగంలో పలకల లోడుతో మార్కాపురం వస్తున్న లారీ ఆగింది. డ్రైవరు పక్కన ఆయన భార్య కూడా ఉంది, పిల్లను పైకి లాగి తన పక్కన కూర్చోబెట్టుకుంది. పరీక్ష హాలు తలుపు మూయబోతుండగా మా పిల్ల బట్టల నిండా పలక దుమ్ముతో లోపలికొచ్చింది. నేను పక్క బెంచీలో ఉన్నాను, చూశాను, రాశాను.

అదే సంచికను కాగితం మీదా, ఫోన్లోనూ ఒకేసారి విడుదల చేశాం. ఏది ఎవరికి చేరిందో చూసి రాస్తే, దాన్ని బట్టి వచ్చే ఏడు అచ్చు ఉంచాలో ఎత్తెయ్యాలో ప్రిన్సిపాల్ గారు తేలుస్తారు. అచ్చు ఎత్తేస్తే మా గల్లాపెట్టె మీద పెట్టడానికి నాకు ఏమీ మిగలదు. అందుకని ఆ కొద్ది రోజులూ నేను చాలా చిరాగ్గా ఉన్నానని అమ్మ ఇప్పటికీ అంటుంది.

ఫోన్లో పేపరు బాగా తిరిగింది. కింద "సూపర్" అని రాశారు, "నైస్" అని రాశారు, దండం పెట్టే చేతుల బొమ్మలు పెట్టారు. ఒకాయన పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పాడు, ఎవరికో ఏమో. కాగితం పేపరు క్లాసుల్లో పంచినంత పంచాం. మిగిలింది స్టాఫ్ రూము మూలన కట్టగా పడి ఉంది. పరీక్షలయ్యాక గదులు శుభ్రం చేస్తూ అటెండరు దాన్ని పాత పేపర్లు కొనే ఆయనకు వేసేశాడు. మా ఊళ్ళో పాత కాగితం ఎంత చుట్టు తిరిగినా చివరికి కిరాణా దుకాణానికే చేరుతుంది. మా కట్ట సరిగ్గా మా దుకాణానికే చేరింది.

ప్లాస్టిక్ కవర్లు వాడొద్దన్న దగ్గర్నుంచీ నాయన మళ్ళీ పొట్లాలకు వచ్చాడు. నిజానికి ఆయన మనసు ఎప్పుడూ పొట్లాల మీదే. కాగితాన్ని పెద్ద చాకుతో ముక్కలు కోసి, మేకుకు గుచ్చి, ఎడమ చేత్తో ఒకటి లాగి గుండ్రంగా చుట్టి, సరుకు పోసి, పైన మడిచి, పురికొసతో ఒక్క చుట్టు చుట్టి తెంపుతాడు. మాట్లాడుతూనే చేస్తాడు, చూడను కూడా చూడడు. ఒక సాయంత్రం కాలేజీ నుంచి వచ్చేసరికి ఎవరో ఒకామె చేతిలో జీలకర్ర పొట్లం, దాని మీద సగం నా పేరు.

"నాయనా, అది మా పేపరు" అన్నాను.

"తెలుసు. కాయితం మందంగా ఉంది, చినగదు" అన్నాడు.

నేను దుమదుమలాడుతూ లోపలికి వెళ్ళి అన్నం తినకుండా పడుకున్నాను. ఎవరూ బతిమాలలేదు. ఆకలేసి నేనే లేచి తిన్నాను.

తర్వాత వారం ఆదివారం. నేను కర్టెన్ వెనక కూర్చుని సారుకివ్వాల్సిన పోలిక రాసుకుంటున్నాను. తర్లుపాడు వైపు నుంచి నెలకు రెండు మూడుసార్లు సరుకులకు వచ్చే ఒకావిడ వచ్చింది. పలకల ఫ్యాక్టరీలో చెక్క ఫ్రేములు బిగించే పని ఆమెది. నాయనను అన్నా అంటుంది కాబట్టి నాకు అత్త. వచ్చీ రావడంతోనే సంచీలోంచి ఒక నలిగిన కాగితం తీసి కాటా పక్కన పరిచింది. నూనె మరకలు పడ్డ మా పేపరు ముక్క.

"అన్నా, దీని మిగతా సగం యాడుంది?"

"ఏందమ్మా అది?"

"పోయినసారి ధనియాలు దీంట్లో కట్టిచ్చినావు గదా. ఈ పిల్ల రోడ్డు మీద నిలబడిండేదాంకనే ఉంది. బస్సు రాలే. పరీక్షకు అందుకునిందా లేదా? వారం నుంచి అదే ఆలోచన నాకు. మా పాపను గూడా వచ్చే ఏడు ఆ బస్సులోనే పంపించాలని ఉండాము."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. నాయన ఏం చెబుతాడా అని కర్టెన్ దగ్గరికి జరిగి విన్నాను. చదివి ఉంటే "అందుకునింది" అని ఒక్క మాటలో చెప్పెయ్యొచ్చు. ఆయన మాత్రం లేచి మేకుకున్న కాగితాలన్నీ తీసి ఒక్కొక్కటే తిప్పి చూశాడు. అక్కడ లేదు. కింద గోనె తీసి కట్ట విప్పాడు. వెనక నిలబడ్డవాళ్ళు చక్కెర అన్నారు, అగ్గిపెట్టె అన్నారు. "ఉండండి" అన్నాడు. చివరికి దొరికింది. దొరికినదాన్ని చేతికిస్తాడనుకున్నాను. మా నాయన వ్యాపారస్తుడు.

"ఏం గావాల నీకు ఈసారి?" అన్నాడు.

"ఆవాలు."

ఆవాలు తూచి, లారీ వచ్చే సగం పైకి కనపడేలా చుట్టి కట్టి ఇచ్చాడు. "ఇంటికి పోయి నెమ్మదిగా విప్పుకో" అన్నాడు. ఆమె దుకాణం మెట్టు మీదే కూర్చుని విప్పింది. ఆవాలు ఒళ్ళో పోసుకుని, పెదాలు కదుపుతూ చదివింది. చదివాక కొంగులోకి ఆవాలు కట్టుకుని, కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని, "అందుకునిందిలే అన్నా" అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ పూట భోజనం దగ్గర నేనే అడిగాను.

"నాయనా, నువ్వు చదివినావా అది?"

"దుకాణంలో చదివే తీరిక యాడుందమ్మా" అన్నాడు, మజ్జిగ పోసుకుంటూ.

అయితే ఆ తర్వాత దుకాణంలో ఒక మార్పు వచ్చింది. కనిపెట్టింది అమ్మ. "మీ నాయనకు ఏమయిందో చూడు. గుప్పెడు జీలకర్రకు చాటంత కాయితం వాడుతున్నాడు" అని సణిగింది. వెళ్ళి చూశాను. మేకుకు గుచ్చిన ముక్కల్లో మా పేపరు ముక్కలు వేరే రకంగా ఉన్నాయి. ఒక్క వ్యాసం కూడా మధ్యకు కోయలేదు. ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో చూసుకుని, దాని చుట్టూ కోశాడు. ఒక పొడుగాటి వ్యాసానికి ఏకంగా సగం పేపరు. పురికొస కూడా అక్షరాల మీద కాకుండా కిందగా పడుతోంది. జానెడు పురికొస ఎక్కువ పోతే బాధపడే మనిషి ఆయన. నాయన మీద నాకు ఎంత ప్రేమ వచ్చిందంటే, వెళ్ళి ఆయన పక్కన ఊరికే నిలబడ్డాను. "ఏంది?" అన్నాడు. "ఏం లేదు" అన్నాను.

పోలిక కాగితంలో ఇదంతా రాశాను. నా క్లాస్‌మేట్ తన లెక్కలతో వచ్చాడు. నేను రాసింది చదివి తన లెక్కల కాగితం మళ్ళీ తిరగేశాడు. వాడు మంచివాడు, గెలవడానికి వచ్చిన చోట కూడా నిజమే చెబుతాడు.

"మనం ఫోన్లో పెట్టిందాన్ని గూడా చానామంది సగం దగ్గరే వదిలేసినారు. లెక్కలో కనపడతాంది" అన్నాడు. "మిగతా సగం కోసం మాత్రం ఎవరూ తిరిగి రాలే."

ఆ మాట కూడా వాడి పేరుతోనే చేర్చాం. సారు చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ప్రిన్సిపాల్ గారు కూడా చదివారు, చాలా బాగుందన్నారు, అచ్చు ఆపేశారు. ప్రెస్సుకు ఇవ్వడానికి కాలేజీ దగ్గర డబ్బుల్లేవట. అందులో ఆయన తప్పేమీ లేదు, ఆయన నల్ల ఫోటో తప్పు కూడా లేదు. పేపరు ఇక ఫోన్లోనే.

కట్టలో ఉన్న కాగితం అయిపోయింది. పొట్లాలు మళ్ళీ చిన్నవయ్యాయి. అమ్మ సంతోషించింది. నాకు మాత్రం ఆ చిన్న పొట్లాలు చూస్తే దిగులుగా ఉండేది. రాయడం మానలేదు, ఫోన్లో పేపరుకు రాస్తూనే ఉన్నాను. నాయన దగ్గర మాత్రం ఆ ఊసు ఎత్తలేదు. ఎత్తి ఏం చెయ్యాలి? గల్లాపెట్టె మీద ఫోను పెట్టి, సాయంత్రం దాకా కాపలా కాయలేను కదా.

కాలేజీ వదిలే ముందు చివరిగా ఒకటి రాశాను. పాత కాగితం మా ఊళ్ళో ఎక్కడెక్కడ తిరుగుతుందో, తిరిగి తిరిగి ఒక పొట్లమై ఎక్కడికి పోతుందో, సగం కథ కోసం ఒకావిడ వారం ఆగి ఎలా వచ్చిందో. వారం తిరిగేసరికి ఎవరూ దాని ఊసెత్తరు, ఫోన్లో సంగతులు అంతే అనుకున్నాను.

మళ్ళీ ఆదివారమే. అత్త వచ్చింది. వాళ్ళ పాప మా కాలేజీలో చేరి ఆ బస్సులోనే వస్తోంది. సరుకులన్నీ చెప్పి, పొట్లాలు అటూ ఇటూ తిప్పి చూసింది. వాటి మీద ఏదో సినిమా ప్రకటన, ఏదో నగల దుకాణం.

"ఏందన్నా, ఇప్పుడు పొట్లాల మీద మన పాప రాసేటివి రావడం లేదు?"

"కాయితం ఆపేసినారు. ఫోన్లో వస్తాంది."

"నా దగ్గర బొత్తాల ఫోను గదా."

"నా దగ్గర ఉంది. కూర్చో" అన్నాడు నాయన.

కర్టెన్ వెనక నేను కదలకుండా నిలబడిపోయాను. ఆయన చొక్కా జేబులోంచి ఫోను తీశాడు. బెల్లం అంటిన వేళ్ళు కాకుండా చిటికెన వేలితో నొక్కాడు. ఎవరినీ అడగలేదు, తడుముకోలేదు. ఎక్కడ నొక్కాలో ఆయనకు తెలుసు. కాగితం ఆగిన వారమే నాయన తమ దుకాణానికి వచ్చి, "మా పాప రాసే పేపరు దీంట్లో పెట్టియ్యి బాబూ" అని అడిగి పెట్టించుకున్నాడని నా క్లాస్‌మేట్ ఆ తర్వాత చెప్పాడు. నాతో చెప్పొద్దన్నాడట.

నాయన ఫోనును చెయ్యంత దూరాన పట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు. పదో తరగతి దాకా చదివిన చదువు. ఒక్కో మాటనూ తూచి పోసినట్టు చదువుతున్నాడు. నా వాక్యాలు నాకే కొత్తగా వినిపించాయి. తన గురించి వచ్చినప్పుడు అత్త "అయ్యో, నన్ను గూడా రాసిందా" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్ద పొట్లాల దగ్గర అమ్మ సణుగుడు వచ్చినప్పుడు నాయన నవ్వాడు. నవ్వి, మళ్ళీ చదివాడు.

"'ఇన్నాళ్ళూ ఇన్ని రాసినా, వాటిలో ఒక్కటైనా మా నాయన చదివాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.'"

అక్కడ ఆగిపోయాడు. ఆ వాక్యం రాసేటప్పుడు అది ఆయన నోటి మీదుగా నాకు వినపడుతుందని నేను కలలో కూడా అనుకోలేదు.

అప్పుడే ఎవరో వచ్చి, "శనగపప్పు అరకిలో ఇయ్యి మామా" అన్నారు.

నాయన తల ఎత్తలేదు. ఫోను మీది నుంచి కళ్ళు తీయలేదు. నేను కర్టెన్ వెనక ఉన్నానని ఆయనకు ఎప్పటి నుంచి తెలుసో నాకు తెలియదు.

"అమ్మా, నువ్వొచ్చి తూకం చూడు" అన్నాడు. "నేను ఇది పూర్తి చెయ్యాల."

కర్టెన్ తీసుకుని వెళ్ళి కాటా ముందు కూర్చున్నాను. గిన్నెలో శనగపప్పు ఎన్నిసార్లు పోసినా, తీసినా అంకె ఎంతకీ అరకిలో దగ్గర నిలవలేదు. నాయన గొంతు సవరించుకుని, ఆ వాక్యాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివాడు.